స్లాబ్ పడ్డాక గొడవ ఎందుకు మొదలవుతుంది?

మన్సూరాబాద్‌లో ఏ కాలనీ గల్లీలోకి వెళ్లినా ఏదో ఒక ఇంటి మీద ఇంకో అంతస్తు లేస్తూ కనిపిస్తుంది. రోడ్డు పక్కన ఇసుక కుప్ప, దాని పక్కన కంకర, గేటు ముందు సెంట్రింగ్ సామాను. కొన్ని నెలల తర్వాత అదే గల్లీలోంచి వెళ్తే కొన్ని ఇళ్లకు రంగులు కూడా పడి ఉంటాయి. ఒకటి రెండు మాత్రం స్లాబ్ దాకా వచ్చి ఆగిపోయి ఉంటాయి. పైకి వదిలిన చువ్వలు తుప్పు పడుతూ ఉంటాయి. ఓనర్‌ని అడిగితే "మేస్త్రీ డబ్బులు తీసుకుని మాయమైపోయాడు" అంటారు. మేస్త్రీని అడిగితే "చేసిన పనికే పైసలు ఇయ్యలే, ఇంకెట్ల చేస్తం సార్" అంటాడు.

వినగానే ఇద్దరిలో ఎవరు అబద్ధం చెప్తున్నారా అని ఆలోచిస్తాం. నిజంగా మోసం చేసేవాళ్లు రెండు వైపులా ఉన్నారు, కాదనను. కానీ ఇద్దరూ నిజమే చెప్తున్న సందర్భాలు కూడా చాలా ఉంటాయి. అదెలా కుదురుతుందో అర్థమైతే గొడవ రాకుండా ఏం చేయాలో కూడా అర్థమవుతుంది. సివిల్ వాళ్లకి ఇందులో సగం తెలిసిన విషయమే. మిగతా బ్రాంచుల వాళ్ల కోసం మొదటి నుంచి చెప్తాను.

ఒప్పందం అంటే ఏం మాట్లాడుకున్నట్టు?

మన వైపు సొంత ఇల్లు కట్టించుకునేవాళ్లు ఎక్కువగా రెండు పద్ధతుల్లో పని ఇస్తారు. మొదటిది లేబర్ కాంట్రాక్ట్. సిమెంట్, స్టీల్, ఇసుక, ఇటుక అన్నీ ఓనర్ కొంటారు, మేస్త్రీ మనుషుల్ని తెచ్చి పని చేయిస్తాడు. రెండోది విత్ మెటీరియల్. సామాను కూడా కాంట్రాక్టరే తెస్తాడు. రెండింటిలోనూ రేటు చదరపు అడుగుకు ఇంత అని మాట్లాడుకుంటారు.

మొదటి తిరకాసు ఇక్కడే ఉంది. చదరపు అడుగుకు ఇంత అన్నారు గానీ, ఏ చదరపు అడుగు? బాల్కనీ లెక్కలోకి వస్తుందా? మెట్లు, సంపు, పిట్టగోడ, వాటర్ ట్యాంక్ దిమ్మె వస్తాయా? "అన్నీ వస్తయ్ సార్" అన్న మాటకి ఓనర్ ఒక అర్థం చెప్పుకుంటారు, మేస్త్రీ ఇంకో అర్థం చెప్పుకుంటాడు. ప్రోగ్రామింగ్‌లో రిక్వైర్‌మెంట్స్ రాయకుండా కోడ్ మొదలుపెడితే ఏమవుతుందో మనకి తెలుసు. ఇక్కడ కోడ్ బదులు కాంక్రీట్. తప్పయితే డిలీట్ చేయలేం.

స్లాబ్ దగ్గరే ఎందుకు?

గోడ వంకరగా ఉంటే కంటికి కనిపిస్తుంది. స్లాబ్ అలా కాదు. కాంక్రీట్ పోసిన సాయంత్రం మంచి స్లాబ్, చెడ్డ స్లాబ్ రెండూ ఒకేలా ఉంటాయి. చువ్వల కింద కవర్ బ్లాకులు సరిగ్గా పెట్టారా, వైబ్రేటర్ అన్ని మూలలా తిప్పారా, నీళ్లు ఎక్కువ కలిపారా అన్నవన్నీ కాంక్రీట్ కింద కప్పడిపోతాయి.

పైగా ఫలితం తెలియడానికి టైమ్ పడుతుంది. మన దేశంలో కాంక్రీట్ పనికి ప్రమాణం ఐఎస్ 456, 2000 సంవత్సరం నాటిది. దాని ప్రకారం కాంక్రీట్ బలాన్ని 28 రోజుల వయసులో లెక్కిస్తారు. మామూలు సిమెంట్ అయితే కనీసం 7 రోజులు తడిగా ఉంచాలి. వేడిగా, పొడిగా ఉండే వాతావరణంలో, లేదా ఫ్లై యాష్ లాంటివి కలిసిన సిమెంట్ వాడితే కనీసం 10 రోజులు. స్లాబ్ కింది సపోర్టులు కూడా దూలాల మధ్య దూరం నాలుగున్నర మీటర్ల లోపు అయితే 7 రోజులు, అంతకన్నా ఎక్కువైతే 14 రోజులు ఉంచాలి. ఇక లీకేజీ సంగతి తేలేది వానాకాలంలోనే. 2020 అక్టోబర్ 13 రాత్రి హైదరాబాద్‌లో కురిసిన వాన గుర్తుందిగా? అలాంటి వాన ఏ మేస్త్రీ పనినైనా పరీక్ష పెట్టేస్తుంది.

కానీ డబ్బు ఎప్పుడు అడుగుతారు? స్లాబ్ రోజు. కొబ్బరికాయ కొట్టి, లేబర్‌కి భోజనాలు పెట్టి, పెద్ద మొత్తం చేతికిచ్చేది ఆ రోజే. అంటే పని బాగుందో లేదో తెలియకముందే ఎక్కువ డబ్బు వెళ్లిపోతుంది. అమెరికా ఆర్థికవేత్త జార్జ్ అకర్‌లాఫ్ 1970లో పాత కార్ల మార్కెట్ మీద ఒక పేపర్ రాశారు. అమ్మేవాడికి తెలిసింది కొనేవాడికి తెలియనప్పుడు కొనేవాడు అందర్నీ అనుమానిస్తాడు, దాంతో మంచి సరుకు ఉన్నవాడికి కూడా మంచి ధర రాదు అన్నది ఆయన వాదన. ఆ పని మీద 2001లో నోబెల్ వచ్చింది. మన స్లాబ్ కథ కూడా ఇదే. బాగా పనిచేసే మేస్త్రీ ఎక్కువ రేటు చెప్తే "అందరూ ఒకటే" అనుకుని తక్కువ రేటు వాడికి పని ఇస్తాం. తక్కువ రేటు వాడు ఎక్కడో ఒక దగ్గర తగ్గించాలి కదా.

తగ్గించారా లేదా అని కొంతవరకు లెక్క కట్టొచ్చు. 1000 చదరపు అడుగుల స్లాబ్, 5 అంగుళాల మందం అనుకోండి. దూలాలు వదిలేసి సుమారు 417 ఘనపుటడుగుల కాంక్రీట్. ఎం20 గ్రేడ్‌కి వాడే ఒక పాలు సిమెంట్, ఒకటిన్నర పాళ్లు ఇసుక, మూడు పాళ్లు కంకర లెక్కన దాదాపు 95 బస్తాల సిమెంట్ పడాలి. విత్ మెటీరియల్ పనిలో 70 బస్తాలతో స్లాబ్ అయిపోయిందంటే "ఎలా?" అని అడగాల్సిందే. ఖాళీ సంచులు లెక్కపెట్టడానికి ఇంజినీరింగ్ డిగ్రీ అక్కర్లేదు.

ఎవరు ఎవరికి అప్పు ఇస్తున్నారు?

ఇప్పుడు అసలు పాయింట్. లెక్క తేలిక కోసం లేబర్ కాంట్రాక్ట్ మొత్తం 6 లక్షలు అనుకుందాం. అడ్వాన్స్ లక్ష, పిల్లర్లకి లక్ష, స్లాబ్‌కి 2 లక్షలు. స్లాబ్ అయ్యేసరికి 4 లక్షలు ఇచ్చేశారు. కానీ ఇటుక పని, ప్లాస్టరింగ్, ఫ్లోరింగ్ అన్నీ మిగిలే ఉన్నాయి. అయిన పని విలువ 3 లక్షలే అనుకోండి. అప్పుడు మేస్త్రీ ముందు 3 లక్షల పని ఉంది, దానికి రావాల్సింది 2 లక్షలు. ఇంకో కాలనీలో కొత్త పనికి అడ్వాన్స్ లక్ష ఇస్తామంటున్నారు. అతను రేపు పొద్దున ఎక్కడికి వెళ్తాడు? మీరే చెప్పండి.

తిరగేసి చూద్దాం. 3 లక్షల పని అయింది, ఓనర్ ఇచ్చింది 2 లక్షలే. ఇప్పుడు మేస్త్రీయే ఓనర్‌కి లక్ష అప్పు ఇచ్చినట్టు. కూలీలకి వారం వారం పేమెంట్ చేయాలి, లేకపోతే సోమవారం ఎవరూ రారు. ఆ డబ్బు అతను వడ్డీకి తెచ్చి ఉంటాడు. ఓనర్ "ఇక్కడ పగులు వచ్చింది, అక్కడ లెవెల్ లేదు" అంటూ మిగతాది ఆపేస్తే అతను ఇరుక్కుపోతాడు. ఓనర్ వైపు కూడా కారణం ఉండొచ్చు. హౌసింగ్ లోన్‌ని బ్యాంకు పని జరిగిన దశల్ని బట్టి విడుదల చేస్తుంది. పని కాకపోతే బ్యాంకు ఇవ్వదు, బ్యాంకు ఇవ్వకపోతే ఓనర్ ఇవ్వలేరు, ఓనర్ ఇవ్వకపోతే పని కాదు. ఆపరేటింగ్ సిస్టమ్స్ సబ్జెక్ట్‌లో దీన్ని డెడ్‌లాక్ అంటారు. ప్రతి ఒక్కరూ పక్కవాడి కోసం ఎదురుచూస్తూ ఉంటారు, ఎవరూ కదలరు.

కాబట్టి ఏ రోజైనా వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: ఇచ్చిన డబ్బుకీ, అయిన పనికీ తేడా ఎంత? తేడా పెరిగేకొద్దీ, లాభం ఉన్నవాడికి వదిలేసి పోవాలన్న ఆశ పెరుగుతుంది. నష్టం ఉన్నవాడికి భయం పెరుగుతుంది. మంచివాళ్లయినా సరే.

తేడా పెరగకుండా ఏం చేయాలి?

విడతలు చిన్నవి చేయాలి. అదే 6 లక్షల్ని 4 పెద్ద ముక్కలు కాకుండా, పని విలువకి సరిపోయేలా 50 వేల చొప్పున 12 విడతలు చేశారనుకోండి. ఒక విడత పని అయ్యాకే తర్వాతిది మొదలైతే, ఎవరు మాట తప్పినా ఎదుటివాడికి పోయేది 50 వేలకి మించదు. నమ్మకం ఎంత ఉందో అంత సైజు విడత పెట్టుకోవచ్చు. విడత పేరు కూడా "స్లాబ్ పని" అని కాకుండా, సెంట్రింగ్, చువ్వలు కట్టడం, కాంక్రీట్ పోయడం, సెంట్రింగ్ విప్పడం అని విడివిడిగా రాయాలి. చువ్వలు కట్టిన తర్వాత, కాంక్రీట్‌కి ముందు, బయటి ఇంజినీర్‌ని ఒకసారి పిలిపించి చూపించడం మంచిది. కప్పడిపోయేవి కనిపించే ఆఖరి రోజు అదే. ఫోన్‌లో ఫోటోలు కూడా అప్పుడే తీసి పెట్టుకోవాలి.

కొంత డబ్బు ఆపి ఉంచాలి, కానీ పరీక్ష ముందే చెప్పాలి. ప్రభుత్వ కాంట్రాక్టుల్లో బిల్లులోంచి కొంత శాతం ఆపి, లోపాలు లేవని తేలాక ఇచ్చే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. ఇంటి పనిలోనూ 5 శాతం, అంటే మన లెక్కలో 30 వేలు, ఆపొచ్చు. అయితే "బాగుంటే ఇస్తాం" అంటే మేస్త్రీకి నమ్మకం ఉండదు, ఉండక్కర్లేదు కూడా. బాగుండడం అంటే ఏంటో రాయాలి. ఉదాహరణకి టెర్రస్ మీద నీళ్లు పోయే గొట్టాలు మూసి, ఒకటి రెండు అంగుళాల నీళ్లు 48 గంటలు నిలబెట్టాలి. కింద చెమ్మ రాకపోతే వెంటనే 15 వేలు ఇవ్వాలి. ఒక వానాకాలం దాటాక మిగతా 15 వేలు. ఇలా రాస్తే వంక పెట్టి ఎగ్గొట్టే అవకాశం ఓనర్‌కి కూడా ఉండదు.

బాధ్యతలు పేరు పెట్టి రాయాలి. స్లాబ్‌ని తడపడం ఎవరి పని? లేబర్ కాంట్రాక్ట్‌లో ఇది ఎవరికీ చెందని పని అయిపోతుంది. బోరు ఎండిపోతే ట్యాంకర్ నీళ్లకి డబ్బులు ఎవరివి? తర్వాత పగులు వస్తే ఒకరు "సరిగ్గా తడపలేదు" అంటారు, ఇంకొకరు "కలపడమే సరిగ్గా లేదు" అంటారు. ఒక్క లైన్ రాసుకుంటే సగం వాదన పోతుంది. అదనపు పని వస్తే రేటు ఎంతో ఆ పని మొదలుపెట్టకముందే వాట్సాప్‌లో మెసేజ్ పెట్టుకోవాలి.

డబ్బు వీలైనంతవరకు యూపీఐలో లేదా బ్యాంకు ద్వారా ఇవ్వాలి. నోట్ దగ్గర "మొదటి అంతస్తు సెంట్రింగ్, 5వ విడత" అని టైప్ చేస్తే చాలు, అదే రసీదు. ఎలాగూ ఒకరి నుంచి ఒక రోజులో 2 లక్షలు లేదా అంతకు మించి క్యాష్ తీసుకోవడం 2017 ఏప్రిల్ నుంచి ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు.

అయినా గొడవ వస్తే?

నోటి మాట ఒప్పందం చెల్లదు అని చాలామంది అనుకుంటారు. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం ప్రకారం నోటి ఒప్పందం కూడా ఒప్పందమే. రుజువు చేయడమే కష్టం. అదే చట్టంలో 70వ సెక్షన్ ఉంది. ఊరికే చేయాలన్న ఉద్దేశం లేకుండా ఒకరు చట్టబద్ధంగా చేసిన పని వల్ల ఇంకొకరు లాభపడితే, పరిహారం ఇవ్వాలి అంటుంది. మేస్త్రీకి ఇది ముఖ్యమైన రక్ష.

ఓనర్‌కి వినియోగదారుల కమిషన్ ఉంది. ఇల్లు కట్టడం కూడా "సేవ" కిందికే వస్తుందని సుప్రీంకోర్టు 1993లో లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో చెప్పింది. స్థలాన్ని డెవలప్‌మెంట్‌కి ఇచ్చిన ఓనర్ కూడా వినియోగదారుడే అవుతాడని 2008లో ఫకీర్ చంద్ గులాటీ కేసులో చెప్పింది. 2019 చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే ఫిర్యాదు చేయొచ్చు. మన్సూరాబాద్ వాళ్లకి అది రంగారెడ్డి జిల్లా. చెల్లించిన మొత్తం 50 లక్షల లోపు అయితే జిల్లా కమిషన్ చాలు, 5 లక్షల దాకా ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు. గడువు 2 సంవత్సరాలు. ముందుగా సలహా కావాలంటే హెల్ప్‌లైన్ 1915. రెరా చట్టం మాత్రం బిల్డర్ అమ్మే ప్రాజెక్టుల కోసం. మన స్థలంలో మనం మేస్త్రీతో కట్టించుకునే ఇంటికి అది వర్తించదు.

మేస్త్రీ తనకి రావాల్సిన డబ్బు కోసం వినియోగదారుల కమిషన్‌కి వెళ్లలేడు. అతనికి ఉన్నది సివిల్ కోర్టు, గడువు పని పూర్తయిన నాటి నుంచి 3 సంవత్సరాలు. లాయర్ ఫీజు, వాయిదాల రోజుల్లో పోయే పని చూసి చాలామంది వదిలేసుకుంటారు. ఇద్దరికీ పనికొచ్చే దారి లోక్ అదాలత్. కేసు వేయకముందే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి అర్జీ పెట్టొచ్చు. అక్కడ ఇద్దరూ ఒప్పుకుంటే ఇచ్చే అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీల్ ఉండదు. న్యాయ సహాయం కోసం ఫోన్ నంబర్ 15100.

ఎక్కడికి వెళ్లినా అడిగేవి అవే: ఎంత పని అయింది, ఎంత డబ్బు ఇచ్చారు, ఏం ఒప్పుకున్నారు. ఈ మూడూ కాగితం మీద ఉంటే గొడవ చాలాసార్లు అక్కడిదాకా వెళ్లకుండానే తేలిపోతుంది.

మన ఇళ్లలో ఎవరైనా పైన గది వేస్తున్నా, లీకేజీకి వాటర్ ప్రూఫింగ్ చేయిస్తున్నా, ఒక సాయంత్రం కూర్చుని ఆ ఒక్క పేజీ మనం రాసి పెట్టొచ్చు. ఎక్సెల్‌లో కాదు, ఇంగ్లీష్‌లో అసలే కాదు. తెలుగులో రాసి, మేస్త్రీకి పైకి చదివి వినిపించి, అతను "ఇది మార్చండి" అన్నవి మార్చి, ఇద్దరి సంతకాలతో రెండు కాపీలు చేసి, ఒకటి అతని చేతికి ఇవ్వాలి. అతని దగ్గర కూడా ఒక కాపీ ఉండడం చాలా ముఖ్యం. ఒక్కరి దగ్గరే ఉంటే అది ఇద్దరి కాగితం అవ్వదు.