వుల్ఫ్‌హౌండా, డీర్‌హౌండా? కుటుంబానికి తగిన జాతి ఎంపిక

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
– ఐరిష్ వుల్ఫ్‌హౌండ్, స్కాటిష్ డీర్‌హౌండ్ జాతుల మధ్య పోలికలను, తేడాలను వివరించగలుగుతారు.
– ఒక కుటుంబం పరిస్థితులనుబట్టి తగిన జాతిని సూచించగలుగుతారు.

1. పరిచయం

వేట జాగిలాలలో కొన్ని వాసన పట్టి వేటాడతాయి, మరికొన్ని కంటితో చూసి తరుముతాయి. ఐర్లాండ్‌కు చెందిన వుల్ఫ్‌హౌండ్, స్కాట్లాండ్‌కు చెందిన డీర్‌హౌండ్ రెండో రకానివి. రెండింటికీ పొడవైన కాళ్లు, లోతైన ఛాతీ, గరుకైన జూలు వంటి బొచ్చు ఉంటాయి. దూరంనుంచి చూస్తే ఏది ఏదో చెప్పడం కష్టం. అందువల్ల వీటిలో ఒకదాన్ని పెంచుకోదలచినవారు తరచు రూపాన్ని చూసి నిర్ణయిస్తారు. అయితే కుటుంబానికి ముఖ్యమైన తేడాలు రూపంలో లేవు. అవి బరువులో, పరుగులో, ఆయుర్దాయంలో ఉన్నాయి.

2. చారిత్రక నేపథ్యం

ఐర్లాండ్‌లో ఈ పెద్ద కుక్కలను తోడేళ్ల వేటకు వాడేవారు. తోడేళ్ల బెడద ఎక్కువగా ఉండటంతో 1652లో అక్కడి క్రామ్వెల్ ప్రభుత్వం వీటిని దేశం దాటించరాదని ఉత్తర్వు ఇచ్చింది. 18వ శతాబ్దం చివరికి ఐర్లాండ్‌లో తోడేళ్లు అంతరించాయి. వాటితోపాటే కుక్కకు పని పోయింది, జాతి క్షీణించింది. 19వ శతాబ్దం రెండో భాగంలో కెప్టెన్ జార్జ్ అగస్టస్ గ్రాహం, మిగిలిన కుక్కలను డీర్‌హౌండ్, గ్రేట్ డేన్ వంటి జాతులతో సంకరపరచి వుల్ఫ్‌హౌండ్‌ను పునరుద్ధరించాడు. 1885లో ఐరిష్ వుల్ఫ్‌హౌండ్ క్లబ్ ఏర్పడింది. అంటే నేటి వుల్ఫ్‌హౌండ్ రక్తంలో డీర్‌హౌండ్ పాలు గణనీయంగా ఉంది. రెండింటి పోలికకు ఇదొక ముఖ్య కారణం.

స్కాట్లాండ్ కొండసీమల్లో రెడ్ డీర్ అనే పెద్ద జింకలను తరిమి పట్టడానికి డీర్‌హౌండ్‌ను పెంచారు. మెరుగైన తుపాకులు వచ్చాక దీని అవసరం తగ్గింది. 2002 నాటి చట్టం స్కాట్లాండ్‌లో కుక్కలతో అడవి జంతువులను వేటాడటాన్ని నిషేధించింది. ఈ విధంగా రెండు జాతులకూ వేట పోయింది కాని, తరిమే గుణం పోలేదు.

3. దేహ లక్షణాలు

బ్రిటిష్ కెన్నెల్ క్లబ్ ప్రమాణాల ప్రకారం మగ వుల్ఫ్‌హౌండ్ భుజం ఎత్తు కనీసం 79 సెంటీమీటర్లు, బరువు కనీసం 54.5 కిలోలు ఉండాలి. మగ డీర్‌హౌండ్ ఎత్తు కనీసం 76 సెంటీమీటర్లు, బరువు సుమారు 45.5 కిలోలు. గమనించండి: ఎత్తులో తేడా 3 సెంటీమీటర్లే, బరువులో తేడా 9 కిలోలు. డీర్‌హౌండ్ సన్నగా, తేలికగా ఉంటుంది. వుల్ఫ్‌హౌండ్ ఎముక దళసరి. కుక్క జబ్బుపడి లేవలేనప్పుడు దాన్ని కారులోకి ఎత్తవలసిన మనిషికి ఈ తేడా బాగా తెలుస్తుంది.

4. స్వభావం, వ్యాయామం

రెండు జాతులూ ఇంటివారితో సౌమ్యంగా మెలగుతాయి. కొత్తవారినీ సాధారణంగా స్నేహంగానే పలకరిస్తాయి కాబట్టి కాపలా కోసం వీటిని ఎంచుకోవడం పొరపాటు. ఇంట్లో ఎక్కువసేపు పడుకునే ఉంటాయి. బయట మాత్రం పిల్లి, కుందేలు, గొర్రె ఏది పరుగెత్తినా వెంటపడతాయి. అప్పుడు పిలిచినా వినవు. అందువల్ల ఎత్తైన, గట్టి కంచె తప్పనిసరి. డీర్‌హౌండ్ పరుగుకోసమే పుట్టిన కుక్క. దానికి రోజూ విడిచి పరుగెత్తించే స్థలం కావాలి. ఎదిగిన వుల్ఫ్‌హౌండ్‌కు కూడా పరుగు కావాలి కాని, అది కొంత తక్కువకు సర్దుకుంటుంది.

పిల్లదశలో జాగ్రత్త మరీ అవసరం. పుట్టినప్పుడు కిలో కూడా తూగని వుల్ఫ్‌హౌండ్ పిల్ల ఏడాదిన్నరలో 50 కిలోలకు చేరుతుంది. ఎముకలు, కీళ్లు గట్టిపడేలోగా బలవంతపు నడకలు, అతిగా మేపడం హాని చేస్తాయి.

5. ఆరోగ్యం, ఆయుర్దాయం

రెండు జాతుల్లోనూ గుండె కండరాల వ్యాధి, ఎముక కాన్సర్, కడుపు ఉబ్బి మెలిపడటం కనిపిస్తాయి. చివరిది అత్యవసర స్థితి. కొన్ని గంటల్లోనే ప్రాణం పోవచ్చు. పిల్లను కొనేముందు తల్లిదండ్రుల గుండె పరీక్షల ఫలితాలు అడగాలి. వుల్ఫ్‌హౌండ్ పిల్లల్లో కాలేయానికి వెళ్లవలసిన రక్తం దారి తప్పే లోపాన్నీ, డీర్‌హౌండ్లలో రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ఫాక్టర్ 7 లోపాన్నీ పరీక్షించాలి. శరీరంలో కొవ్వు తక్కువ కాబట్టి కొన్ని మత్తుమందులనుంచి ఇవి ఆలస్యంగా తేరుకుంటాయి. శస్త్రచికిత్సకు ముందు ఈ విషయం పశువైద్యునికి గుర్తుచేయాలి.

వుల్ఫ్‌హౌండ్ సాధారణంగా 6 నుంచి 8 ఏళ్లు, డీర్‌హౌండ్ 8 నుంచి 11 ఏళ్లు జీవిస్తాయి. అయిదేళ్ల పిల్లవాడున్న ఇంటికి వుల్ఫ్‌హౌండ్ వస్తే, అతడు హైస్కూలు దాటకముందే దాన్ని పోగొట్టుకునే అవకాశం ఎక్కువ. ఈ మాట పిల్లను తెచ్చేముందే ఇంట్లో అందరూ మాట్లాడుకోవాలి.

6. ఎంపిక చేసే విధానం

కుటుంబం తనను తాను నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. కంచె ఉన్న విశాలమైన స్థలం ఉందా? రోజూ పరుగెత్తించే మనిషి ఎవరు? 50 కిలోల కుక్కను ఎత్తగలవారు ఇంట్లో ఉన్నారా? తక్కువ ఆయుష్షుకు అందరూ సిద్ధమేనా? మొదటి రెండింటికి గట్టి సమాధానం ఉండి, మూడోది సందేహమైతే డీర్‌హౌండ్ మేలు. బలమైనవారు ఉండి, ఎక్కువ పరుగు సాధ్యం కాని ఇంటికి, నాలుగో ప్రశ్నకు ఒప్పుకోగలిగితే, వుల్ఫ్‌హౌండ్ తగును. మొదటి రెండింటికీ సమాధానం లేకపోతే రెండూ వద్దనుకోవడమే సరైన నిర్ణయం. ఎండలు 40 డిగ్రీలు దాటే మన ప్రాంతాల్లో, చలిసీమలకోసం పెరిగిన ఈ దట్టమైన బొచ్చు వాటికి శిక్షే అవుతుంది. చూపుతో వేటాడే జాతే కావాలనుకునేవారికి పొట్టి వెంట్రుకల ముధోల్ జాగిలం పొరుగున కర్ణాటకలోనే ఉంది. అయితే కంచె, పరుగు దానికీ తప్పవు.

సారాంశం

రెండూ దగ్గరి బంధువులైన జాతులు. రూపం ఒకటిగా కనిపించినా బరువు, పరుగు, ఆయుర్దాయం వేరు. ఎంపికకు ఆధారం కుక్క అందం కాదు, దాన్ని చివరిదాకా చూసుకోగల ఇంటి శక్తి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. నేటి వుల్ఫ్‌హౌండ్‌కు డీర్‌హౌండ్‌తో పోలిక ఎందుకు ఉంది?
2. ఈ జాతులు కాపలాకు ఎందుకు పనికిరావు?
3. మూడో అంతస్తు ఫ్లాట్‌లో ఉండే వృద్ధ దంపతులకు మీరు ఏమి సలహా ఇస్తారు? కారణాలు రాయండి.