పోటు తగ్గినది, మాత్ర మానవచ్చునా?

మొయినాబాదు మీదుగా చేవెళ్లకు పోవు మార్గము మఱ్ఱిచెట్లకు పేరుపొందినది. ఆ మార్గమునకు అటునిటు ఉన్న పల్లెలలో కూరగాయలు, పూలు విరివిగా పండింతురు. తెల్లవారుసరికి పూలమూటలు హైదరాబాదులోని గుడిమల్కాపురము మార్కెట్టుకు చేరవలెను. కావున పూలు పండించువారి యిండ్లలో పని కోడికూతకు ముందే ఆరంభమగును.

రైతుల సంభాషణలను ధ్వనిముద్రణ చేయుటకై ఆ ప్రాంతమున ఒక యింటికి వెళ్లితిని. ఇంటి పెద్దమ్మ చామంతులు ఏరుచు నాకు మజ్జిగ యిప్పించినది. గోడగూటిలో సగము వాడిన మాత్రల అట్ట ఒకటి దుమ్ముపట్టి యుండుట చూచి అవి ఎవరివని అడిగితిని.

“నావే బిడ్డా. బీపీ దిగింది. మొన్న నర్సమ్మ చూసి నూటముప్పై ఉన్నదన్నది. ఇగ గోలీలెందుకని బంద్ చేసిన” అన్నది.

“తలనొప్పి లేస్తే ఒకటి ఏసుకుంటది” అని కుమారుడు చెప్పెను.

ఈ మాట విన్నప్పుడు సహేతుకముగనే తోచును. జ్వరము తగ్గినచో జ్వరపు మాత్ర మానుదుము. నొప్పి తగ్గినచో నొప్పి మాత్ర మానుదుము. ఆ న్యాయము రక్తపుపోటునకు ఏల వర్తింపదు? ఈ ప్రశ్నకు సమాధానము ఆ యింటి పెరటిలోనే యున్నది.

ఆ కుమారుడు తన చేనికి బిందుసేద్యపు గొట్టములు వేసినాడు. బోరుమోటారు నీటిని అతిబలముతో నెట్టినచో గొట్టముల అతుకులు ఊడును, సన్నని నాళములు చిట్లును. అందుచేత నడుమ వాల్వు నమర్చి ఒత్తిడిని అదుపులో నుంచును. మీటరులో ముల్లు సరియైన అంకెమీద నిలిచినదని అతడు ఆ వాల్వును ఊడబీకునా? వాల్వు ఉన్నది కావుననే ముల్లు అచట నిలిచినది. పెద్దమ్మకు కనిపించిన నూటముప్పై మాత్ర చేసిన పని. రోగము పోయిన గుర్తు కాదు. ఈ సంగతిని అతనికి అతని గొట్టములతోనే చెప్పితిని. అతడు వెంటనే గ్రహించెను.

మన శరీరమున గుండె మోటారు వంటిది. రక్తనాళములు గొట్టముల వంటివి. గుండె ముడుచుకొని రక్తమును నెట్టునపుడు నాళముల గోడలపై కలుగు ఒత్తిడి పై అంకె. గుండె విశ్రమించునపుడు మిగులు ఒత్తిడి క్రింది అంకె. వేర్వేరు దినములలో వైద్యుడు కొలిచినపుడు పై అంకె 140 గాని, క్రింది అంకె 90 గాని, లేక అంతకు మించి గాని కనబడుచున్నచో దానిని అధిక రక్తపుపోటు అందురు. దీనివలన చాలమందికి ఏ బాధయు తెలియదు. తలనొప్పి వచ్చినపుడే పోటు పెరిగినదనుకొనుట పొరపాటు. ఏ నొప్పియు లేకుండగనే అది ఏండ్లతరబడి మెదడు, గుండె, మూత్రపిండములు, కన్నుల నాళములను చెఱచుచుండును. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశమున పదునైదేండ్లు దాటిన స్త్రీలలో అయిదుగురికి ఒకరు, పురుషులలో నలుగురికి సుమారు ఒకరు అధిక పోటు గలవారు, లేక దానికి మందు వాడువారు.

ఈ చికిత్సా చరిత్రలో మన దేశమునకు గౌరవస్థానము కలదు. సర్పగంధి వేరు పోటును తగ్గించు తీరును గూర్చి బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీలు 1949లో బ్రిటిషు హృద్రోగ పత్రికలో ప్రకటించెను. 1952లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు ఆ వేరునుండి రెసర్పిను అను సారమును వేరుచేసిరి. అది పోటును తగ్గించెను. కాని కొందరికి మనస్సు క్రుంగిపోవుట కూడ కనబడెను. నేడు దానికంటె మేలైన మందులు వచ్చినవి. అయినను అది నేర్పిన పాఠము పాతబడలేదు: పోటును తగ్గించు ప్రతి మందునకు తనదైన గుణము, తనదైన దోషము ఉండును. ఎవరికి ఏది తగునో నిర్ణయించుట వైద్యుని పని.

నేటి మందులు ముఖ్యముగ మూడు నాలుగు త్రోవల పనిచేయును. ఆమ్లోడిపిన్ వంటివి నాళములను వెడల్పు చేయును. వీనివలన కొందరికి చీలమండలు వాచును. ఎనలాప్రిల్, రామిప్రిల్ వంటివి నాళములను బిగించు ఒక రసాయనమును తగ్గించును. వీనివలన కొందరికి పొడిదగ్గు రావచ్చును. టెల్మిసార్టన్, లోసార్టన్ అదే రసాయనమును మఱొక చోట అడ్డును. వీనితో దగ్గు అరుదు. హైడ్రోక్లోరోథయాజైడ్ వంటివి ఎక్కువైన ఉప్పును, నీటిని మూత్రము ద్వారా వెడలించును. అటెనొలాల్ వంటివి గుండె వేగమును తగ్గించును. వాపో, దగ్గో కనబడినచో మాత్ర మాని ఊరకుండరాదు. వైద్యునకు చెప్పినచో వేఱొకటి వ్రాయును. అటెనొలాల్, క్లోనిడిన్ వంటివానిని హఠాత్తుగా ఆపినచో పోటు ఒక్కసారి ఎగయవచ్చును, గుండెకు ప్రమాదము. పెదవులు, నాలుక, ముఖము వాచినచో మాత్రము ఆ మందు మరల వేసికొనక తక్షణమే ఆసుపత్రికి పోవలెను.

మాత్ర ఏ వేళ వేసికొనవలెనను సందేహము చాలమందికి కలదు. 2022లో బ్రిటనులో ఇరువది యొక్క వేలమందికి పైగా రోగులపై జరిగిన పరిశోధన ఫలితములు వెలువడినవి. ఉదయము వేసికొన్నవారికిని సాయంత్రము వేసికొన్నవారికిని గుండెపోటు, పక్షవాతముల విషయమున భేదము కనబడలేదు. వైద్యుడు ప్రత్యేకముగ ఒక వేళ చెప్పనిచో, మఱవకుండ వేసికొనగల వేళయే మంచి వేళ. కోడికూతకు ముందే చేనికి పోవువారికి రాత్రి భోజనవేళ అనుకూలము కావచ్చును. మూత్రము ఎక్కువ వెడలించు మాత్రను మాత్రము ఉదయము వేసికొనుట నిద్రకు మేలు. ఒకనాడు మఱచినచో, ఆ దినముననే జ్ఞాపకము వచ్చినపుడు వేసికొనవచ్చును. మఱుసటి వేళ సమీపించినచో పోయినదానిని విడిచిపెట్టవలెను. రెండు మాత్రలు ఒకసారి వేసికొనరాదు.

ఇంటిలో జరుగు పొరపాట్లు మఱికొన్ని కలవు. ఒకరి మాత్ర మఱొకరికి ఇచ్చుట ప్రమాదకరము. భర్తకు మేలు చేసిన మందు భార్య మూత్రపిండములకు కీడు చేయవచ్చును. ఒకే మందు వేర్వేరు పేర్లతో అమ్ముడుపోవును. పాత అట్టయు క్రొత్త అట్టయు రెండును వాడి అదే మందును రెట్టింపు మ్రింగువారున్నారు. కావున వైద్యుని యొద్దకు పోవునపుడు ఇంటనున్న మాత్రలన్నియు ఒక సంచిలో వేసికొని పోవలెను. నడుమునొప్పికి, మోకాలినొప్పికి దుకాణమున అడిగి కొను ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు పోటును పెంచును. పోటు మందులతో కలిసినపుడు మూత్రపిండములను నొప్పించును. దినమెల్ల వంగి పూలు కోయువారు ఈ మాట మఱవరాదు. జలుబునకు వాడు కొన్ని మాత్రలు కూడ పోటును పెంచును. గర్భము ధరించినవారు, ధరింపగోరువారు ముందుగనే వైద్యునకు తెలుపవలెను. రామిప్రిల్, టెల్మిసార్టన్ జాతి మందులు కడుపులోని శిశువునకు హాని చేయును. వాంతులు, విరేచనములు పట్టి నీరు కోల్పోయినపుడు ఆ దినములలో ఏ మాత్ర ఆపవలెనో, ఏది కొనసాగింపవలెనో వైద్యునడుగవలెను. మందు క్రొత్తగా ఆరంభించినవారు మంచము మీదినుండి ఒక్కసారి లేవక, కొంతసేపు కూర్చుండి మెల్లగా లేవవలెను.

పోటు కొలుచుటకును పద్ధతి యున్నది. టీ త్రాగిన వెంటనే, చుట్ట కాల్చిన వెంటనే, చేనినుండి నడచి వచ్చిన వెంటనే కొలువరాదు, అరగంట ఆగవలెను. మూత్రవిసర్జన చేసి, అయిదు నిమిషములు మాటలాడక కూర్చుండవలెను. వీపునకు ఆనిక, పాదములు నేలమీద, చేయి గుండె ఎత్తున బల్లమీద ఉండవలెను. పట్టీని చొక్కామీద గాక చేతిమీదనే చుట్టవలెను. నిమిషము ఎడమిచ్చి రెండుసార్లు చూచి, తేదీతో వ్రాసికొనవలెను. ఒక్కనాటి అంకెను చూచి మాత్ర పెంచుటయు తగదు, తగ్గించుటయు తగదు.

మందుతోపాటు వంటింటికిని బాధ్యత కలదు. పెద్దవారికి దినమునకు ఉప్పు 5 గ్రాములకు లోపుగా, అనగా ఒక చిన్న చెంచాకు మించకుండ ఉండవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచన. తొక్కులో, అప్పడములో, వడియములో ఉన్నది కూడ ఆ లెక్కలోనిదే. పొటాసియము కలిపిన ఉప్పును వైద్యునడుగక వాడరాదు. కొన్ని మందులతో అది కీడు చేయును.

మందు దొరకుట గూర్చి ఒక మాట. 2017 నవంబరులో ఆరంభమైన భారత రక్తపుపోటు నియంత్రణ కార్యక్రమమును మొదట చేపట్టిన అయిదు రాష్ట్రములలో తెలంగాణ ఒకటి. రోగికి ఒకసారి నెల దినములకు సరిపడ మాత్రలు ఇచ్చుట దాని ముఖ్యసూత్రములలో ఒకటి. మాత్రలు అయిపోవుటకు వారము ముందే మరల తెచ్చుకొనుట ఇంటివారి పని.

ఇక ఆలస్యము చేయరాని లక్షణములు: ముఖము ఒకవైపు వంకరపోవుట, ఒక చేయి లేక కాలు పట్టుతప్పుట, మాట తడబడుట, ఎదలో నొప్పి, ఊపిరాడకపోవుట. అట్టి సమయమున ఇంకొక మాత్ర మ్రింగించి వేచియుండక 108కి ఫోను చేయవలెను.

పాత అట్టనుండి ఆ పూట మాత్ర తీసి వేసికొమ్మని పెద్దమ్మకు నేను చెప్పలేదు. అది నా పని కాదు. మఱునాడే చేవెళ్లలో డాక్టరుకు చూపింతునని కుమారుడు మాట యిచ్చెను. పెద్దమ్మ పూలు ఏరుట ఆపి, “అయితే ఎన్ని దినాలు ఏసుకోవాలె?” అని అడిగినది. చాలమందికి ఏండ్లతరబడి అవసరమగునని చెప్పితిని. ఉప్పు తగ్గి, బరువు తగ్గి, అంకెలు చాలకాలము నిలుకడగా ఉన్నచో మాత్రను తగ్గింపవచ్చునేమో డాక్టరే చూచుననియు చెప్పితిని.

ఆమె గూటిలోని అట్టను తీసి దుమ్ము తుడిచి, డాక్టరుకు చూపుటకని కొంగున ముడివేసికొన్నది.