కానుగ గింజలో రెండు సరుకులు

వాగు ఒడ్డున కానుగ చెట్టు ఉంటుంది. బాట పక్కన ఉంటుంది. చాలాచోట్ల అది ఎవరూ నాటింది కాదు. నీళ్లు పోసినవాళ్లూ లేరు. ఎండాకాలం కాయలు రాలతాయి. ఊరంతా వాటిని తొక్కుకుంటూ నడుస్తుంది.

పెద్దవాళ్లకు ఈ చెట్టు బాగా తెలుసు. కానుగ పుల్లతో పళ్లు తోముకునేవారు. వరి నాటేముందు కానుగ రొట్ట దమ్ములో తొక్కేవారు. కరెంటు రాకముందు కానుగ నూనెతో దీపం పెట్టేవారు. గజ్జి లేస్తే ఆ నూనే రాసేవారు. కానీ జాగ్రత్త! కానుగ నూనె తినేది కాదు. పిల్లలు మింగితే వాంతులవుతాయి. వంటనూనె పక్కన దీన్ని పెట్టకూడదు.

ఇక డబ్బు సంగతి. కాయలు ఎండబెట్టి కర్రతో కొడితే గింజ వస్తుంది. కాయకు ఒకటే గింజ, ఎప్పుడో రెండు. కిలోకు సుమారు వెయ్యి గింజలు తూగుతాయి. అంటే వెయ్యి కాయలు ఏరాలి. ఎంతసేపు నడుం వంచాలో ఏరిన ఆడవాళ్లకే తెలుసు.

ఆ గింజను అలాగే అమ్మేస్తే గింజ ధరే చేతికొస్తుంది. కానీ గింజలో రెండు సరుకులున్నాయి. 4 కిలోల గింజ మిల్లులో ఆడిస్తే సుమారు కిలో నూనె వస్తుంది. మిగిలింది పిండి. నూనె సబ్బులకు పోతుంది. పిండి చేనుకు మంచి ఎరువు. 100 కిలోల పిండిలో దాదాపు 4 కిలోల నత్రజని ఉంటుంది. గింజ అమ్మిన ఇంట్లోనే మళ్లీ డబ్బు పెట్టి ఎరువు కొంటారు!

అప్పటి ఆదిలాబాద్ జిల్లాలో పవర్‌గూడ అనే గిరిజన పల్లె ఉంది. అక్కడి ఆడవాళ్ల సంఘాలు కానుగ గింజల నుంచి నూనె తీయించాయి. ఆ నూనెను ఇంజన్లలో డీజిల్‌కు బదులు వాడొచ్చు. డీజిల్ కాలిస్తే భూమి లోపల ఉన్న కర్బనం కొత్తగా గాలిలో కలుస్తుంది. కానుగ నూనె కాలిస్తే వచ్చేది, చెట్టు గాలిలోంచి పీల్చుకున్నదే. అందుకని 2003లో ప్రపంచ బ్యాంకు ఆ సంఘాలకు 645 డాలర్లు ఇచ్చింది. అప్పటి లెక్కలో సుమారు 30 వేల రూపాయలు. గాలికి డబ్బేమిటని ఎవరికైనా వింతగానే ఉంటుంది.

ప్రతి ఊళ్లో మిల్లు ఉండదు. నలుగురు కలిసి గింజలు పోగేసి, బాగా ఎండబెట్టి తీసుకెళ్లాలి. తినే నూనె ఆడే మిల్లులో వేయకూడదు. గింజ పోయకముందే మిల్లువాళ్లను రెండు మాటలు అడగాలి. ఆడినందుకు కూలి ఎంత? పిండి ఎవరిది?