గింజ మనదే.. గరుకెందుకు?

నున్నని హాట్ చాక్లెట్‌కు వంటింటి కిటుకులు

నూజివీడు: నూజివీడు పేరు వినగానే బంగినపల్లి, చిన్నరసం, పెద్దరసం గుర్తుకు వస్తాయి. చాక్లెట్ గుర్తుకు రాదు. అయితే 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజనతో నూజివీడు కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి వచ్చింది. కోకో పంటలో దేశంలోనే ఆంధ్రప్రదేశ్‌ది ప్రథమ స్థానం కాగా, రాష్ట్రంలో ఆ పంటకు పేరున్న జిల్లాల్లో ఏలూరు ఒకటి. మామిడి తోటలు దాటి పెదవేగి, కామవరపుకోట, ద్వారకాతిరుమల వైపు సాగితే కొబ్బరి, ఆయిల్‌పామ్ చెట్ల నీడన కోకో చెట్లు బారులు తీరి కనిపిస్తాయి. కాండానికే అతుక్కుని కాయలు వేలాడుతుంటాయి.

గింజ ఇంత చేరువలో పండుతున్నా ఇంట్లో కాచిన హాట్ చాక్లెట్ మాత్రం చాలామందికి కుదరదు. పైన పొడి ఉండలు, అడుగున ఇసుకలాంటి మడ్డి, నాలుకకు గరుకుదనం. పిల్లలు రెండు గుక్కలు తాగి గ్లాసు పక్కన పెట్టేస్తారు. ఖరీదైన పొడి కొనలేదనుకుని సరిపెట్టుకుంటారు. నిజానికి లోపం పొడిలో కన్నా కలిపే పద్ధతిలోనే ఎక్కువ.

(మామిడి తోటల్లోనే కోకో వేయవచ్చు కదా అని కొందరు అడుగుతుంటారు. మామిడి పూతకు ముందు నీటి తడులు ఆపాలి. కోకోకు ఏడాది పొడవునా తేమ కావాలి. పైగా మామిడి గుబురు కింద దానికి తగినంత వెలుతురు అందదు. రెండింటికీ పొత్తు కుదరదు.)

పొడి కరగదు.. తడవాలి

పంచదార, ఉప్పు నీటిలో కరుగుతాయి. కోకో పొడి కరగదు. గింజను వేయించి, నూరి, అందులోని కొవ్వును చాలావరకు పిండివేయగా మిగిలినదే ఈ పొడి. అలా పిండే యంత్రానికి నెదర్లాండ్స్‌లో వాన్ హూటెన్ కుటుంబం 1828లో పేటెంట్ పొందింది. ఎంత పిండినా పొడిలో సాధారణంగా పదో వంతు, అంతకు మించి కొవ్వు మిగిలే ఉంటుంది. కొవ్వు అంటిన రేణువును నీరు సులభంగా తడపలేదు. అందువల్ల మరుగుతున్న పాలలో పొడిని ఒక్కసారిగా గుమ్మరిస్తే ఉండ పైపొర మాత్రమే తడిసి బిగుసుకుంటుంది. లోపలి పొడి పొడిగానే ఉండిపోతుంది. ఆపై ఎంతసేపు గరిటె తిప్పినా ప్రయోజనం అంతంతమాత్రమే.

రాగి జావ కాచే ప్రతి ఇంట్లోనూ దీనికి విరుగుడు తెలుసు. రాగి పిండిని నేరుగా ఎసట్లో వేయరు. ముందు చన్నీళ్లలో కలిపి, ఉండలు విడిచాక ఎసట్లో పోస్తారు. కోకోకూ అదే సూత్రం. తేడా ఒక్కటే. ఇక్కడ కలిపే నీళ్లు వేడిగా ఉండాలి. కొవ్వు మెత్తబడితేనే రేణువు తడుస్తుంది.

ఇలా చేసి చూడండి

రెండు గ్లాసులకు 400 మిల్లీలీటర్ల పాలు, 60 గ్రాముల డార్క్ చాక్లెట్, రెండు టీస్పూన్ల కోకో పొడి, రెండు టీస్పూన్ల పంచదార, చిటికెడు ఉప్పు సరిపోతాయి. చాక్లెట్‌ను చాకుతో సన్నగా తరిగి ఉంచుకోవాలి. పెద్ద ముక్కలు వేస్తే అవి కరిగేలోపు పాలు పొంగుతాయి.

మందపాటి గిన్నెలోకి కోకో పొడిని టీ జల్లెడతో జల్లించి, పంచదార, ఉప్పు పొడిగానే కలపాలి. పంచదార పలుకులు మధ్యలో చేరి కోకో రేణువులు ఒకదానికొకటి అంటుకోకుండా చూస్తాయి. వేడి నీళ్లు ఒక్కో చెంచా చొప్పున మూడు నాలుగు చెంచాలు పోస్తూ, గిన్నె అంచుకేసి నూరుతున్నట్లు మెదపాలి. పెరుగులా జారే నున్నని ముద్ద రావాలి. అసలు పని ఇక్కడే ఉంది. ఈ రెండు నిమిషాలు తొందరపడితే తర్వాత చేసేదేమీ ఉండదు. ఆ ముద్దను సన్నని సెగ మీద ఒక నిమిషం కలుపుతూ ఉడికిస్తే పచ్చి వాసన పోతుంది.

తర్వాత పొయ్యి ఆపి చాక్లెట్ తురుము వేయాలి. వేరే గిన్నెలో వేడి చేసిన పాలలో పావు వంతు మాత్రమే ముందుగా పోసి, మధ్య నుంచి అంచుల వైపు తిప్పుతూ కలపాలి. ఈ దశలో మిశ్రమం ఒక్కోసారి బిరుసెక్కి విరిగినట్లు కనిపిస్తుంది. కరిగిన చాక్లెట్‌కు కొద్దిపాటి తడి తగిలితే అందులోని పంచదార రేణువులు తడిసి ఒకదానికొకటి అతుక్కోవడమే కారణం. పారబోయనక్కర్లేదు. మరికొన్ని వేడి పాలు పోస్తే మళ్లీ జారుగా మారి మెరుపు వస్తుంది. అప్పుడు మిగిలిన పాలన్నీ పోసి సన్నని సెగ మీద పెట్టాలి. అంచుల వెంట చిన్న బుడగలు రాగానే దించాలి. తెరలి కాగితే పాలపై మీగడ కట్టి, అదే తునకలై గ్లాసులో తేలుతుంది. అది చూసి చాక్లెట్ సరిగా కరగలేదని పొరబడేవారు ఎందరో.

పంచదారకు బదులు బెల్లం వాడదలచిన వారు పరమాన్నం జాగ్రత్తనే ఇక్కడా పాటించాలి. గిన్నె దించి, కొద్దిగా చల్లారాక మాత్రమే బెల్లం కలపాలి. మరిగే పాలలో వేస్తే విరిగే ప్రమాదం ఉంది. కోకోకు కూడా స్వల్పంగా ఆమ్ల గుణం ఉన్నందున నిల్వ పాలు అసలు వాడరాదు.

దించిన తర్వాత మజ్జిగ కవ్వంతో ఒక నిమిషం చిలకాలి. ఇది మన సొంత వింతేమీ కాదు. మెక్సికోలో చాక్లెట్ నురగ కోసం వాడే 'మోలినిల్లో' అనే కొయ్య సాధనాన్ని కూడా అరచేతుల మధ్య అచ్చం కవ్వంలాగానే తిప్పుతారు. చిలకడం వల్ల కొవ్వు సన్నని బిందువులుగా విడిపోయి పాలలో కలిసిపోతుంది. పైన నూనె తేలదు.

తెల్లమచ్చ బూజు కాదు

చాక్లెట్ కొనేటప్పుడు పొట్లం వెనుక చదవాలి. కోకో బటర్ అని ఉంటే మంచిది. దానికి బదులు వెజిటబుల్ ఫ్యాట్ అని ఉంటే అది కాంపౌండ్ చాక్లెట్. చవకగా దొరుకుతుంది కానీ ఆ కొవ్వు అంగిలికి మైనంలా అంటుకుంటుంది. కోకో బటర్ సుమారు 34 డిగ్రీలకే, అంటే నోటి వేడికే కరుగుతుంది. మన వేసవిలో బీరువాలో దాచిన చాక్లెట్ మధ్యాహ్నం కరిగి, రాత్రికి మళ్లీ గట్టిపడి, పైన తెల్లని పొర కట్టడం పరిపాటి. చాలా ఇళ్లలో బూజు అనుకుని పారేస్తుంటారు. సాధారణంగా అది పైకి తేలిన కొవ్వే. కొరుక్కు తినడానికి రుచించకపోయినా పాలలో కాచుకోవడానికి నిక్షేపంగా పనికివస్తుంది.

గింజ నుంచి గ్లాసు దాకా..

కోకో తోట ఉన్నవారు, బంధువుల తోట నుంచి గింజలు తెచ్చుకోగలవారు ఒక అడుగు ముందుకు వేయవచ్చు. అయితే గింజ పులిసినదై ఉండాలి. మామిడిని వరిగడ్డిలో మాగవేయడం తెలిసిన ప్రాంతానికి ఈ సంగతి విడమరచి చెప్పనవసరం లేదు. కాయ కొట్టి తీసిన గింజలను తెల్లని గుజ్జుతో సహా పెట్టెల్లోనో బుట్టల్లోనో పోసి, అరటి ఆకులు కప్పి, మధ్యలో తిరగవేస్తూ ఐదారు రోజులు ఉంచుతారు. లోపల వేడి 45 డిగ్రీలు దాటుతుంది. చాక్లెట్ వాసనకు పునాది పడేది అప్పుడే. తర్వాత తేమ ఏడు శాతానికి వచ్చేలా ఎండబెడతారు. గింజను కోసి చూస్తే గోధుమ రంగు ఉండాలి. పలక రంగులో ఉంటే అది పులియలేదు. వగరు, చేదు ఎంత పంచదార వేసినా పోవు.

ధరల ఒడుదుడుకుల మధ్య ఈ శ్రద్ధ నిలవడం అంత సులభం కాదు. అంతర్జాతీయ విపణిలో 2024లో టన్ను 10 వేల డాలర్లు దాటినప్పుడు ఇక్కడ కిలో ఎండు గింజలకు వెయ్యి రూపాయల దాకా పలికింది. 2025 వేసవికి అందులో సగానికి పడిపోగా రైతులు ఏలూరులో ఆందోళనకు దిగారు. కిలోకు 500 రూపాయలు దక్కేలా 50 రూపాయలు తాను భరిస్తానని ఆ జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించాల్సి వచ్చింది. మరోవైపు కామవరపుకోట మండలం తడికలపూడిలో పులియబెట్టిన గింజలతోనే హైదరాబాద్‌లోని మనం చాక్లెట్ సంస్థ చాక్లెట్లు తయారుచేస్తోంది. ఆ సంస్థ కార్ఖానాను టైమ్ పత్రిక 2024లో ప్రపంచంలోని గొప్ప ప్రదేశాల జాబితాలో చేర్చింది. మన గింజకు ఆ సత్తా ఉందనడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు.

ఇంటి మట్టుకు అరకిలో గింజలు చాలు. మందపాటి మూకుడులో సన్నని సెగపై 25 నుంచి 30 నిమిషాలు కలుపుతూ వేయించాలి. మొదట పులుపు వాసన వస్తుంది. అది పోయి చాక్లెట్ వాసన తగిలి, పొట్టు చిటపటలాడగానే దించాలి. చల్లారాక నలిపి చేటలో చెరిగితే పొట్టు ఎగిరిపోతుంది. మిగిలిన పలుకుల్లో దాదాపు సగం కొవ్వే. కాబట్టి నీళ్లు పోయకుండానే, మిక్సీని ఆపి ఆపి తిప్పుతుంటే కాసేపటికి పొడి కాస్తా ముద్దగా, ఆపై చిక్కని ద్రవంగా మారుతుంది.

మిక్సీ ముద్ద నాలుకకు ఇంకా గరుకుగానే ఉంటుంది. రేణువు 30 మైక్రాన్ల లోపునకు వస్తే తప్ప నాలుక దాన్ని నున్నగా గుర్తించదు. అందుకు రాళ్ల గ్రైండర్ కావాలి. దేశవిదేశాల్లో చిన్న చాక్లెట్ తయారీదారులు ఎందరో వాడుతున్నది మన దోశెల పిండి గ్రైండర్ నుంచి వచ్చిన యంత్రాన్నే కావడం విశేషం. ఇంటి గ్రైండర్‌తో చేస్తే రాళ్లు పూర్తిగా ఆరి, గోరువెచ్చగా ఉండాలి. ముద్దను కొద్దికొద్దిగా వేయాలి. మోటారు వేడెక్కితే ఆపాలి. గంటల తరబడి తిప్పే ఓపిక లేనివారు మిక్సీ ముద్దనే పాలలో పది నిమిషాలు ఉడికించి, పలుచని గుడ్డలో వడకట్టి, చన్నీళ్లలో కలిపిన అర చెంచా బియ్యప్పిండి చేర్చి మరికాసేపు కాయవచ్చు. ఆ చిక్కదనం వల్ల మిగిలిన నలుసులు అడుగుకు చేరవు.

నూరిన ముద్ద ఎక్కువగా ఉంటే ఆరిన ఇడ్లీ రేకుల్లో పోసి ఫ్రిజ్‌లో గట్టిపరచి, గాలి చొరని డబ్బాలో దాచుకోవచ్చు. ఒక్కో బిళ్ల రెండు గ్లాసులకు సరిపోతుంది. ఇందులో తీపి ఉండదు కనుక పంచదార మరో నాలుగు చెంచాలు పెంచుకోవాలి. తడి చెంచా మాత్రం ఆ డబ్బాలో పెట్టరాదు.