ఎముకల నొప్పి, కిడ్నీలో రాళ్లు – కారణం మెడలో ఉండవచ్చు

నడుము, కాళ్ల నొప్పులు వస్తే వయసు మీద పడిందనుకుంటాం. కిడ్నీలో రాయి పడితే నీళ్లు సరిగా తాగలేదనుకుంటాం. నీరసంగా ఉంటే రక్తం తక్కువైందని టానిక్ తెచ్చుకుంటాం. చాలామందిలో అది నిజమే. కానీ ఇవన్నీ ఒకే మనిషిని ఏళ్ల తరబడి వేధిస్తుంటే రక్తంలో కాల్షియం ఎంత ఉందో తప్పక చూపించుకోవాలి. కాల్షియం ఎక్కువగా ఉంటే, పారాథైరాయిడ్ గ్రంథులు అతిగా పనిచేస్తున్నాయేమో తెలుసుకోవాలి.

ఈ గ్రంథుల పని ఏమిటి?

మెడలో థైరాయిడ్ గ్రంథికి వెనుకవైపు సాధారణంగా నాలుగు పారాథైరాయిడ్ గ్రంథులు ఉంటాయి. ఒక్కొక్కటి ఇంచుమించు బియ్యపు గింజంత ఉంటుంది. పేరు కలిసినా థైరాయిడ్ పని వేరు, వీటి పని వేరు. మనుషుల్లో వీటిని 1880లో స్వీడన్‌కు చెందిన ఇవార్ శాండ్‌స్ట్రామ్ వివరంగా వర్ణించాడు.

గుండె, నరాలు, కండరాలు సరిగా పనిచేయాలంటే రక్తంలో కాల్షియం తగినంత ఉండాలి. పెద్దవారిలో 100 మి.లీ. రక్తంలో ఇది సుమారు 8.5 నుండి 10.5 మిల్లీగ్రాములు ఉంటుంది. అది తగ్గగానే ఈ గ్రంథులు పి.టి.హెచ్. అనే హార్మోనును వదులుతాయి. ఆ హార్మోను ఎముకల నుండి కాల్షియం తీసి రక్తంలోకి చేరుస్తుంది, మూత్రంలో పోకుండా కాపాడుతుంది. కాల్షియం సరిపోగానే హార్మోను తగ్గిపోవాలి. ట్యాంకు నిండినా ఆగని మోటారులా గ్రంథి పనిచేస్తూనే ఉంటే ఎముకలు గుల్లబారతాయి, కిడ్నీల్లో రాళ్లు ఏర్పడతాయి.

ఎందుకు వస్తుంది?

ఎక్కువమందిలో నాలుగింటిలో ఒక గ్రంథిలో చిన్న గడ్డ పెరుగుతుంది. గడ్డ అనగానే భయపడకండి. ఇది క్యాన్సర్ కావడం నూటికి ఒకరికన్నా తక్కువ మందిలోనే జరుగుతుంది. ఈ జబ్బు పురుషులకంటే స్త్రీలలో, ముఖ్యంగా ముట్లు ఆగిన తర్వాత ఎక్కువ.

విటమిన్ డి లోపం వల్ల, దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు వల్ల కూడా ఈ గ్రంథులు అతిగా పనిచేస్తాయి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మాదిరిగా కిడ్నీ జబ్బుతో బాధపడేవారు, డయాలసిస్ చేయించుకునేవారు ఈ విషయం గుర్తుంచుకోవాలి. వీరికి చికిత్స వేరుగా ఉంటుంది.

ఏ లక్షణాలు కనిపిస్తాయి?

- ఎముకల నొప్పి, చిన్న దెబ్బకే ఎముక విరగడం
- కిడ్నీలో మళ్లీ మళ్లీ రాళ్లు
- అతి దాహం, ఎక్కువసార్లు మూత్రం
- మలబద్ధకం, వికారం, కడుపునొప్పి
- నీరసం, దిగులు, మతిమరుపు

కొందరిలో ఏ లక్షణమూ ఉండదు. వేరే పని మీద చేసిన రక్తపరీక్షలో బయటపడుతుంది.

ఏ పరీక్షలు చేస్తారు?

ముందుగా రక్తంలో కాల్షియం, పి.టి.హెచ్., విటమిన్ డి, కిడ్నీల పనితీరు చూస్తారు. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. కాల్షియం ఎక్కువగా ఉన్నప్పుడు పి.టి.హెచ్. బాగా తగ్గిపోవాలి. కాబట్టి రిపోర్టులో అది 'నార్మల్' అని ఉన్నా అనుమానించాల్సిందే. ఆపరేషన్ అక్కరలేని ఒక వంశపారంపర్య స్థితి కూడా ఇలాగే కనిపిస్తుంది. దాన్ని వేరు చేయడానికి 24 గంటల మూత్రాన్ని పరీక్షిస్తారు. ఎముకల సాంద్రతకు డెక్సా స్కాన్, గడ్డ ఎక్కడుందో తెలుసుకోవడానికి మెడ అల్ట్రాసౌండ్, సెస్టమిబి స్కాన్ చేస్తారు.

చికిత్స ఏమిటి?

గడ్డ వల్ల వచ్చిన జబ్బును పూర్తిగా నయం చేసేది ఆపరేషనే. 1925లో వియన్నాలో ఫెలిక్స్ మాండల్ అనే సర్జన్, ఎముకలు దెబ్బతిన్న ఒక ట్రామ్ కండక్టరుకు ఇలాంటి గడ్డను తీశాడు. నేడు అనుభవమున్న సర్జన్ చేతిలో నూటికి 95 మందికి పైగా నయమవుతుంది. లక్షణాలున్నవారికి, కిడ్నీలో రాళ్లు లేదా ఎముకల బలహీనత ఉన్నవారికి, 50 ఏళ్ల లోపువారికి సాధారణంగా ఆపరేషన్ సలహా ఇస్తారు. గొంతు బొంగురుపోవడం వంటి ఇబ్బందులు కొద్దిమందికి రావచ్చు.

ఆపరేషన్ తర్వాత ఎముకలు కాల్షియాన్ని తిరిగి పీల్చుకుంటాయి. అందువల్ల రక్తంలో అది తగ్గిపోవచ్చు. పెదవుల చుట్టూ, వేళ్లలో తిమ్మిరి, చేతులు కొంకర్లు పోవడం కనిపిస్తే వెంటనే డాక్టరుకు చెప్పండి.

ఆపరేషన్ చేయలేనివారికి కాల్షియాన్ని తగ్గించే సినాకాల్సెట్ వంటి మందులు ఉన్నాయి. తక్షణ అవసరం లేనివారు క్రమం తప్పకుండా పరీక్షలు చేయించుకుంటే చాలు.

ఇంట్లో జాగ్రత్తలు

- నొప్పులకు సొంతంగా కాల్షియం మాత్రలు, విటమిన్ డి ఇంజక్షన్లు వాడవద్దు.
- పాలు, పెరుగు పూర్తిగా మానవద్దు. మానేస్తే హార్మోను ఇంకా పెరగవచ్చు.
- డాక్టరు వద్దనకపోతే నీళ్లు బాగా తాగండి.
- బి.పి.కి వాడే కొన్ని మూత్రం మాత్రలు, మానసిక వ్యాధికి ఇచ్చే లిథియం కాల్షియాన్ని పెంచవచ్చు. వాడుతుంటే డాక్టరుకు చెప్పండి, మీరుగా ఆపవద్దు.
- వాంతులు, విపరీతమైన దాహం, మగత ఉంటే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి రండి.

మీ ఇంట్లో అమ్మకో, అత్తగారికో ఎముక విరిగినా, ఎవరికైనా రెండోసారి రాయి పడినా, 'కాల్షియం పరీక్ష చేయించాలా?' అని డాక్టరును అడగండి. పాత రిపోర్టులుంటే వెంట తెచ్చుకోండి. ఎన్నో ఏళ్ల బాధకు కారణం ఒక చిన్న రక్తపరీక్షలో తెలియవచ్చు.