సామాను మాది, పాఠం ఊరిది

మే మాసంలో ఓర్వకల్లు రాళ్లు సూర్యాస్తమయం తరువాత కూడా వేడిని విడువవు. అందుకే మా వేసవి తరగతులు ఫజ్ర్ నమాజు ముగియగానే మొదలై, ఎండ ముదరక ముందే ముగిసేవి. ఏప్రిల్ చివర బడులు మూతపడింది మొదలు జూన్ 12న తిరిగి తెరిచే వరకు ఉన్న ఏడు వారాలే మాకు దొరికే అదను. ఉదయం మస్జిదులో బాలురకు మేము, ఇంటి వరండాలో బాలికలకు మా ఇంటావిడ పాఠం చెప్పేవాళ్లం. జుహ్ర్ తరువాత ఆ వరండాలోనే స్త్రీలు కూర్చునేవారు. అస్ర్ తరువాత మేము నన్నూరుకో, హుసేనాపురానికో వెళ్లేవాళ్లం. ఈ ఏడు వీటికి తోడు మరో పని వచ్చిపడింది. బక్రీదు తరువాత మేము కుటుంబంతో సహా కడప జిల్లాలోని ఒక పల్లె మద్రసాకు తరలిపోవాలి.

మా చదువంతా ఉర్దూలో సాగింది. ఇక్కడి దూదేకుల కుటుంబాల ఇంటి భాష తెలుగు. మొదటి వేసవిలో ఉర్దూ పుస్తకం తెరిచి వుజూ విధానం బోధించాము. పిల్లలు చక్కగా అప్పజెప్పారు. అర్థమేమిటని అడిగితే తలలు దించుకున్నారు. లోపం వారిది కాదని గ్రహించడానికి మాకు ఒక వేసవి పట్టింది. ప్రతి ప్రవక్తనూ ఆయన జాతి మాట్లాడే భాషలోనే అల్లాహ్ పంపాడని దివ్యఖుర్‌ఆన్ (14:4) తెలుపుతోంది. 1928లో నంద్యాల సభలో ఈ ప్రాంతానికి రాయలసీమ అనే పేరు సూచించిన చిలుకూరి నారాయణరావు గారు ఖుర్‌ఆన్‌ను తెలుగులోకి అనువదించారు. ముస్లిమేతర పండితుడొకరు అంత శ్రమ పడగా, ఈ ఊరి బిడ్డలకు తెలుగులో వివరించడానికి మేము సంకోచించడమా? ఆనాటి నుండి పారాయణం అరబీలో, వివరణ తెలుగులో సాగింది.

పుస్తకాలు పెట్టెల్లో సర్దుతున్న రాత్రి మా ఇంటావిడ మౌనంగా కూర్చుంది. కారణం అడిగాము.

“మీ మస్జిదుకు మరో హజ్రత్ వస్తారు. ఈ వరండాకు ఎవరొస్తారండీ?” అంది.

మా వద్ద జవాబు లేదు. వీడ్కోలు సభకు, కొత్త ఇమాము రాకకు ఏర్పాట్లు జరుగుతున్నాయి. వరండా సంగతి ఎవరికీ తట్టలేదు. నిజం చెప్పాలంటే, మాకూ తట్టలేదు.

ఆ రాత్రి హజ్రత్ అస్మా బిన్తె ఉమైస్ (రజి) గుర్తుకొచ్చారు. భర్త జాఫర్ (రజి)తో కలిసి అబిసీనియాకు వలస వెళ్లి, అక్కడే బిడ్డలను కని పెంచి, హిజ్రీ 7వ ఏట ఓడలో తిరిగి వచ్చిన మహనీయురాలు ఆమె. హిజ్రత్‌లో తామే ముందున్నామని హజ్రత్ ఉమర్ (రజి) అన్నప్పుడు ఆమె ఊరుకోలేదు. నేరుగా దైవప్రవక్త (స)కు విన్నవించుకున్నారు. ఓడలో వచ్చిన వారికి రెండు హిజ్రత్‌లు ఉన్నాయని ఆయన తీర్పు చెప్పారు. ఈ ఘట్టాన్ని ఎన్నో ఏళ్లుగా బోధిస్తున్నాము. అందులో తన శ్రమకు లెక్క అడిగిన ఒక స్త్రీ స్వరాన్ని మాత్రం ఆ రాత్రే విన్నాము.

మరునాడు విషయాన్ని స్త్రీల ముందే పెట్టమని ఆమెతో చెప్పాము. ఓర్వకల్లు మహిళల పొదుపు సంఘాలకు పేరుపొందిన చోటు. లెక్క రాయడం, వంతులు వేసుకోవడం ఇక్కడి స్త్రీలకు కొత్త కాదు. “లీడరు మారితే గుంపు ఆగిపోతాదా ఆపా?” అని ఒక పెద్దావిడ నవ్విందట. గంటలో అంతా తేలింది. వారానికి ఒక ఇంట్లో పాఠం. నాజిరా పూర్తిచేసిన ఇద్దరు అమ్మాయిలు పారాయణం సరిదిద్దాలి. హాజరుకు ఒక పుస్తకం.

చివరి వారం మా ఇంటావిడ వెనుక వరుసలో కూర్చుంది. ఒక చిన్నపిల్ల నాలుక మొదలు నుండి పలకవలసిన ఖాఫ్‌ను కాఫ్‌గా పలికింది. సరిదిద్దబోయి ఆమె ఆగిపోయింది. ముందున్న అమ్మాయి అప్పటికే సరిదిద్దుతోంది. ఇంటికి వచ్చాక, “ఇక పెట్టెలు కట్టేద్దామండీ” అంది.

పాఠకులకు మా విన్నపం ఒక్కటే. మీ ఊరి నుండి బోధకుని కుటుంబం కదిలిపోతున్నప్పుడు మస్జిదుకు ఎవరొస్తారో తప్పక అడగండి. ఆ ఇంటి ఇల్లాలి పాఠాన్ని ఎవరు అందుకుంటారో కూడా అడగండి. ఆమె పెట్టెలు కట్టక ముందే అడగండి. ఓర్వకల్లులో వెలిగిన ఆ చిన్న దీపాన్ని అల్లాహ్ ఆరిపోకుండా కాపాడుగాక! ఆమీన్.