ఆరువందల షేర్లు అయిదైన కథ

ఆదివారం ఉదయం పదింటికి పిల్లల్ని తెలుగు బడిలో దింపాక పెద్దవాళ్లకి గంటన్నర సేపు చేసే పనేమీ ఉండదు. ఇంటికి వెళ్లి రావడానికి ఆ టైము చాలదు, కారులో కూర్చోవడానికి మరీ ఎక్కువ. అందుకని మా కేరీ ఊళ్లో తల్లిదండ్రులం బడి వసారాలో చేరి, ఫ్లాస్కులో తెచ్చుకున్న టీ పంచుకుంటూ కబుర్లు చెప్పుకుంటాం. లోపల పిల్లలు గుణింతాలు వల్లెవేస్తుంటారు. బయట మేము అమెరికా ఆర్థిక వ్యవస్థని చక్కదిద్దుతుంటాం! 2024లో ఆ వసారాలో నెలల తరబడి ఒకటే చర్చ. వుల్ఫ్‌స్పీడ్ షేరు కొనాలా, వద్దా?

ఆ కంపెనీ మాకు పరాయిది కాదు. పక్కనున్న డర్హమ్‌లోనే ఉంది. నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీలో పరిశోధన చేసినవాళ్లు 1987లో 'క్రీ' అన్న పేరుతో మొదలుపెట్టారు. నీలం రంగు ఎల్.ఇ.డి.ని 1989లోనే అమ్మకానికి తెచ్చిన ఘనత వాళ్లది. తర్వాత దీపాల వ్యాపారం అమ్మేసి, 2021లో పేరు మార్చుకుని, సిలికాన్ కార్బైడ్ అనే పదార్థాన్నే నమ్ముకున్నారు.

పిల్లలూ, ఇక్కడ కాస్సేపు మీకోసం. ఇసుకలో సిలికాన్ ఉంటుంది, బొగ్గులో కార్బన్ ఉంటుంది. ఈ రెండూ కలిస్తే సిలికాన్ కార్బైడ్. మన ఊళ్లలో కత్తులకి సాన పట్టే చక్రాల్లో వాడే కార్బోరండం ఇదే. అయితే సాన చక్రానికి పొడి చాలు, చిప్పు చెయ్యాలంటే మచ్చలేని స్ఫటికం కావాలి. మామూలు సిలికాన్‌ని కరిగించి స్ఫటికాన్ని పైకి లాగినట్టు దీన్ని లాగడం కుదరదు. రెండువేల డిగ్రీలు దాటిన వేడిలో పొడిని ఆవిరి చేసి, ఆ ఆవిరి ఒక చిన్న బిళ్ల మీద పొరలు పొరలుగా పేరుకునేలా చేస్తారు. కొలిమి రోజుల తరబడి మండితే చివరికి చేతిలో పట్టేంత దిమ్మ తయారవుతుంది. అది దాదాపు వజ్రమంత గట్టిది కాబట్టి పలకలుగా కోయడం ఇంకో తంటా. ఇంత కష్టం ఎందుకంటే, కరెంటు కారులో బ్యాటరీకీ మోటారుకీ మధ్య కూర్చునే చిప్పు దీంతో చేస్తే తక్కువ కరెంటు వేడిగా వృథా అవుతుంది, అదే బ్యాటరీతో కారు ఇంకొంచెం దూరం పోతుంది.

ఇదంతా నేను వసారాలో చెప్పిన ఉపన్యాసమే. ఆ కంపెనీలో పని చేయకపోయినా, దాని తరఫు వకీలుని నేనే. వేసవిలో పిల్లల్ని ఆష్‌బరో జూకి తీసుకెళ్తూ, 64వ నంబరు రోడ్డు మీద సైలర్ సిటీ దగ్గర వాళ్లు కడుతున్న స్ఫటికాల ఫ్యాక్టరీ చూపించాను. న్యూయార్క్ రాష్ట్రంలో మార్సీ అనే చోట 2022లో తెరిచిన చిప్పుల ఫ్యాక్టరీ గురించి కూడా చెప్పాను. మా అమ్మాయి "నాన్నా, జూ ఎప్పుడొస్తుంది?" అంది.

షేరు 2021 నవంబరులో 140 డాలర్లు దాటింది. 2024 శరదృతువు నాటికి పదికి అటూ ఇటూగా తిరుగుతోంది. నూట నలభైది పదికొస్తే చవక కాదా! పండక్కి తగ్గింపు ధరలో పట్టుచీర చూసినట్టు చూశాం దాన్ని. అసలు ధర ఎంతుండాలి అన్న ప్రశ్న మాకు రాలేదు. ఎంత నుంచి పడింది అన్న లెక్కే చూసుకున్నాం.

వసారాలో రెండు పార్టీలు తయారయ్యాయి. ఒక డాక్టరుగారు 2023 మార్చిలో టెస్లా చేసిన ప్రకటన ఎత్తేవారు. రాబోయే కార్లలో ఈ పదార్థం వాడకం 75 శాతం తగ్గిస్తామన్నారు కదా, మరి? చైనా కంపెనీలు పలకల ధరలు విరగ్గొడుతున్నాయి కదా, మరి? ప్రతిదానికీ నా దగ్గర జవాబుండేది. షేరు పడేలా పందెం కాసేవాళ్లు పుట్టిస్తున్న పుకార్లని కొట్టిపారేసేవాణ్ని. నేను కొన్నది మొత్తం నూట ఇరవై షేర్లు, వాదించింది మాత్రం లక్ష షేర్ల వాడిలా.

అక్టోబరు 15న వార్త వచ్చింది. చిప్పుల చట్టం కింద కేంద్ర ప్రభుత్వం 75 కోట్ల డాలర్ల దాకా ఇచ్చేందుకు ప్రాథమిక ఒప్పందం కుదిరింది, ప్రైవేటు రుణదాతలు ఇంకో 75 కోట్లు ఇస్తామన్నారు. షేరు ఒక్కరోజులో ఎగిరింది. ఆ ఆదివారం నేను టీతో పాటు కాజాలు కూడా తీసుకెళ్లాను.

మా వసారాలో అందరం 'ఆడిటరు వదిన' అని పిలిచే ఒకావిడ ఉన్నారు. ఎక్కువ మాట్లాడరు. ఆ రోజు కాజా తీసుకుని, "ఇచ్చారా, ఇస్తామన్నారా?" అని అడిగారు.

"ప్రభుత్వం మాటంటే ఇచ్చినట్టే కదా వదినా" అన్నాను.

"దానికి షరతులున్నాయి. 2026 మే నెలలో 57 కోట్ల 50 లక్షల అప్పు తీర్చాలి. దాని వెనకాల 2028, 2029 బాండ్లున్నాయి. వాటి సంగతి తేల్చుకుంటేనే ఈ డబ్బు. ఎలా తీరుస్తారు?"

నాకు తెలీదు. తెలీదనకుండా, "మీరు ఏ కంపెనీ చూసినా అప్పులే చూస్తారు వదినా, ఎదుగుదల చూడరు" అన్నాను. అందరూ నవ్వారు. ఆవిడా నవ్వేసి ఊరుకున్నారు. ఆ నవ్వు ఇప్పుడు తలుచుకుంటే నాకు కాజా గొంతులో అడ్డం పడుతుంది.

ఆ చర్చ మొత్తం ఓ మూల కూర్చుని విన్నది మా బావగారు, మా అక్కయ్య భర్త. స్వతహాగా ఆయన షేర్ల జోలికి పోయే మనిషి కాదు. మరుసటి వారం ఎవరికీ చెప్పకుండా ఆరువందల షేర్లు కొన్నారు. ఎనిమిదివేల డాలర్లకి అటూ ఇటూ. మా మేనల్లుడి కాలేజీ మొదటి సెమిస్టరుకని పక్కన పెట్టిన డబ్బది.

నవంబరులో త్రైమాసిక ఫలితాలు రాగానే షేరు కూలింది. అదే నెలలో కంపెనీ పెద్దని మార్చారు. 2025 మార్చి 28న ఒక్కరోజులో సగానికి పైగా పోయింది. బావగారు అప్పుడు నాకు చెప్పారు తను కొన్న సంగతి. "అమ్మేయమంటావా?" అన్నారు. అమ్మమని చెబితే ఇన్నాళ్ల నా వాదన తప్పని ఒప్పుకున్నట్టు. "ఇప్పుడమ్మితే నష్టం ఖాయం అవుతుంది, ఆగుదాం" అన్నాను. ఈ వ్యాసంలో నేను సిగ్గుపడే వాక్యం ఇదొక్కటే అనుకోకండి, కానీ అన్నిటికంటే ఖరీదైనది ఇదే.

2025 జూన్ 30న కంపెనీ టెక్సాస్‌లోని దివాలా కోర్టుకి వెళ్లింది. చాప్టర్ 11 అంటే దుకాణం మూసేయడం కాదు, అప్పులవాళ్లతో లెక్క తేల్చుకుని మళ్లీ నడవడం. దాన్ని ఆ ఆదివారం ఆడిటరు వదిన మాకు బంతి భోజనంలా విడమరిచారు. తాకట్టు పెట్టించుకుని అప్పిచ్చినవాళ్లది మొదటి పంక్తి. బాండ్లు కొన్నవాళ్లది తర్వాతి పంక్తి. షేర్లవాళ్లది ఆఖరి పంక్తి. అక్కడికి వచ్చేసరికి సాంబారు గిన్నె అడుగు కనిపిస్తుంటుంది. ఒక్కోసారి అదీ ఉండదు, ఇక్కడ కొంచెం మిగిలింది. అప్పులో దాదాపు 70 శాతం తగ్గించుకున్నారు. బదులుగా కొత్త కంపెనీలో సింహభాగం అప్పులవాళ్లకి పోయింది. పాత షేర్లవాళ్లందరికీ కలిపి వందలో మూడు నుంచి అయిదు వంతులు.

సెప్టెంబరు 29న కంపెనీ కోర్టు నుంచి బయటపడింది. ఆ సాయంత్రం బావగారి ఫోను. గొంతులో ఏడాదిగా వినని హుషారు.

"ఏమోయ్ బావమరిదీ! డాలరు చిల్లరున్న షేరు ఇరవై దాటింది! ఆరువందలు ఇంటూ ఇరవై, పన్నెండువేలు! నువ్వే గెలిచావు పో!"

నేను అప్పటికే చదివాను. పాత షేరు ఒక్కోదానికి కొత్తవి 0.008352. అంటే సుమారు నూట ఇరవైకి ఒకటి. తెరమీద ధర మారింది, ఆయన ఖాతాలో షేర్ల సంఖ్య ఇంకా మారలేదు, అంతే.

"బావగారూ, ఆరువందలు కాదు. అయిదు."

"అయిదువందలా?"

"అయిదు."

చాలాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత వెనకనుంచి మా అక్కయ్య గొంతు, "ఏమయిందిట?" అని.

వారం తర్వాత చెక్కు రాసుకుని వాళ్లింటికి వెళ్లాను. బావగారు తీసుకోలేదు. "నువ్వు కొనమన్లేదు. నువ్వు వాదించుకున్నావు, నేను విన్నాను" అన్నారు. మా అక్కయ్య మాత్రం ఆ రోజు నాకు కాఫీ ఇచ్చి, వంటింట్లోంచి బయటికి రాలేదు. అది నాకు చెక్కు కంటే ఎక్కువ తగిలింది. దీపావళికి గానీ మామూలుగా మాట్లాడలేదు.

మా మేనల్లుడు ఫీజు కోసం కొంత రుణం తీసుకున్నాడు, వారాంతాల్లో ఒక పిజ్జా కొట్లో పని చేస్తున్నాడు. చేరింది ఎందులో అనుకున్నారు? నార్త్ కరోలినా స్టేట్‌లోనే, పదార్థాల ఇంజనీరింగు! "మామయ్యా, నువ్వు స్ఫటికం గురించి చెప్పిందంతా నిజమేరా బాబూ అన్నారు మా ప్రొఫెసరు" అని నవ్వుతాడు. నిజమే మరి. పదార్థం గురించి నేను చెప్పిందాంట్లో తప్పేం లేదు. ఆ కొలిమికి డబ్బెవరు పెట్టారో, వాళ్లకి ఎప్పుడు తిరిగివ్వాలో, అది చదవలేదు.

పోయిన ఆదివారం వసారాలో ఇంకో కంపెనీ మీద చర్చ మొదలైంది. బావగారు కుర్చీ లాక్కుని ఆడిటరు వదిన పక్కన కూర్చున్నారు. ఆవిడ సంచీలోంచి వార్షిక నివేదిక తీసి, వెనకవైపు నుంచి పేజీలు తిప్పడం మొదలుపెట్టారు. అందరికీ టీ నేనే పోశాను.